సరిహద్దుకు ఇరువైపులా ఒకే వారంలో పరీక్షలు జరగాలి

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాలు మల్కన్‌గిరి, కొరాపుట్, రాయగడ, గజపతిల కొండ ఊళ్లలో మలేరియాను ఏడాది పొడవునా బతికిస్తున్నది చాలావరకు ఒంట్లో ఏ నలతా లేని మనుషులే. చిన్నప్పటి నుంచి పదేపదే చలిజ్వరం పడ్డవారి శరీరానికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. క్రిమి రక్తంలో ఉంటుంది, జ్వరం మాత్రం రాదు. పొద్దున్నే పోడుకు వెళ్తారు, సంతకు వెళ్తారు, పెళ్లిళ్లకు వెళ్తారు. అలాంటి మనిషిని కుట్టిన దోమ పది పన్నెండు రోజుల తర్వాత పక్కింటి పసిబిడ్డను కుడుతుంది. ఆ బిడ్డకు తట్టుకునే శక్తి ఉండదు. మలేరియాలో ఫాల్సిపారం రకమైతే రెండు మూడు రోజుల్లోనే మెదడుకు ఎక్కి ప్రాణం తీయవచ్చు. అందుకే జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ రక్తపరీక్ష చేయాలి. 'నాకు జ్వరమే లేదు, సూదెందుకు' అని అడిగేవారికి ఓపిగ్గా చెప్పాల్సిన జవాబు కూడా ఇదే.

ఒడిశా ప్రభుత్వం 2017లో 'దమన్' పేరుతో మొదలుపెట్టిన పని ఇదే. దారి లేని ఊళ్లకు సిబ్బందే వెళ్లి, వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక మరోసారి శిబిరం పెట్టి, పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవారికి అక్కడికక్కడే మందు మొదలుపెట్టారు. 2016లో రాష్ట్రంలో నాలుగు లక్షలకు పైగా కేసులు వచ్చాయి. దేశంలోని మలేరియా కేసుల్లో దాదాపు 40 శాతం ఒక్క ఒడిశావే. రెండేళ్లు తిరిగేసరికి, 2018లో, ఆ సంఖ్య 70 వేల లోపుకు దిగింది. ఇది చిన్న విజయం కాదు. గ్రామాల్లో తిరిగిన ఆశా కార్యకర్తలకు దక్కాల్సిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదని మేం భావిస్తున్నాం.

అయితే ఆ ఘనతంతా పరీక్షలదే అనుకుంటే పొరపాటు. అదే 2017లో రాష్ట్రమంతటా కోటికి పైగా మందు పూసిన దోమతెరలు పంచారు. ఇళ్లలో దోమల మందు పిచికారీ జరిగింది. పరీక్షలు చేసి మందులివ్వడం ఒక్కదానితోనే వ్యాప్తి ఆగుతుందా అని బుర్కినా ఫాసో, కెన్యాల్లో పరిశోధన చేస్తే ఆశించిన ఫలితం రాలేదు. వ్యాప్తిని తగ్గించేందుకు ఈ పద్ధతిని సిఫారసు చేయలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. కారణం తెలిసిందే. రక్తంలో క్రిములు మరీ తక్కువగా ఉంటే అక్కడికక్కడే ఫలితం చూపే రాపిడ్ కిట్ పట్టుకోలేదు. ఆ మిగిలిన కొద్దిమంది చాలు, దోమలు ఉన్నచోట జబ్బు మళ్లీ రాజుకోవడానికి. దోమతెర మన్నిక మూడేళ్లే. కొత్త తెరలు సమయానికి అందకపోతే శిబిరంలో చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒడిశాలో కేసులు 2023లో, 2024లో మళ్లీ పెరిగాయన్న సంగతిని ఈ కోణంలోంచి కూడా చూడాలి.

అయినా శిబిరాలు మానేయమని మేం అనం. పీహెచ్‌సీకి పూట నడక ఉన్న ఊళ్లో గర్భిణికి, ఐదేళ్లలోపు బిడ్డకు రక్తపరీక్ష అందే సందర్భాలు ఏడాదిలో ఎన్నో ఉండవు. మేం అడుగుతున్నది ఆ శిబిరాలను సరిహద్దు దాకా వచ్చి ఆపేయవద్దని.

మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర శబరి, సీలేరు నదులు కలుస్తాయి. మూడు రాష్ట్రాలు కలిసేదీ అక్కడే. ఒకవైపు ఆంధ్రలో చింతూరు మండలం, ఇంకోవైపు ఛత్తీస్‌గఢ్‌లో కోంట. ఛత్తీస్‌గఢ్ కూడా 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' పేరుతో ఇంటింటి పరీక్షలు మొదలుపెట్టింది. ఆంధ్ర మన్యంలో పిచికారీకి, జ్వర సర్వేలకు వేరే లెక్క ఉంది. ముగ్గురూ పని చేస్తున్నారు, ఎవరి క్యాలెండర్ వారిది. ఈ ఒడ్డున అందరికీ మందులిచ్చిన నెలకు ఆ ఒడ్డున పరీక్షలు మొదలైతే, మధ్యలో సంతలు ఆగవు కదా! మాచ్‌ఖండ్ దగ్గర ఒనకఢిల్లీ గురువారం సంతకు కొండ దిగి వచ్చే బోండా, గదబ గిరిజనులు, తెలుగు వ్యాపారులు అందరూ ఒకే చోట చేరతారు. సాలూరు, పొట్టంగిల మధ్య ఉన్న కొఠియా గ్రామాల సంగతి మరీ విచిత్రం. ఆంధ్ర, ఒడిశా రెండూ మావేనంటాయి, చాలా ఇళ్లలో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. అలాంటి చోట ఒకే మనిషి రెండు రిజిస్టర్లలో ఎక్కవచ్చు, ఎవరి రిజిస్టర్‌లోనూ ఎక్కకుండా పోవచ్చు. ఆ ఊళ్లు ఎవరివన్నది కోర్టులు తేల్చేదాకా అక్కడి పిల్లల రక్తపరీక్ష ఆగకూడదు.

వలసల లెక్క ఇంకొకటి. మిర్చి కోతలకు మల్కన్‌గిరి, కొరాపుట్ పల్లెల నుంచి ఖమ్మం, భద్రాచలం వైపు కూలీలు వెళ్తారు. శిబిరం రోజున వాళ్ల ఇళ్లకు తాళం ఉంటుంది. రిజిస్టర్‌లో 'ఊళ్లో లేరు' అని రాసి ముందుకు పోతారు. వానలకు ముందు వాళ్లు తిరిగొస్తారు, అప్పటికి శిబిరం అయిపోయి ఉంటుంది. 2020 మే నెలలో గిరిసోల చెక్‌పోస్టు దగ్గర తిరిగొచ్చిన వలస కూలీల పేర్లన్నీ రాసుకుని ఊళ్లకు పంపిన యంత్రాంగమే ఇది. కొవిడ్‌కు చేయగలిగినది మలేరియాకు చేయలేమంటే నమ్మడం కష్టం.

శిబిరంలో జరిగే పని దగ్గర నుంచి చూసినవారికి ఇంకో సంగతి తెలుసు. ఉంగరం వేలికి సూది గుచ్చి ఒక బొట్టు తీసి కిట్ మీద వేస్తారు, ద్రావణం చుక్కలు కలుపుతారు. గీతలు తేలడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ కాసేపట్లో మేకలు గుర్తొచ్చి కొందరు వెళ్లిపోతారు. పాజిటివ్ వచ్చినవాళ్లదీ అదే తంతు. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులైతే, కాలేయంలో దాక్కున్న క్రిమిని చంపడానికి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేసుకోవాలి. మూడో రోజుకు ఒళ్లు తేలికపడగానే మాత్రలు చూరులో చేరతాయి. అసలు జ్వరమే రాని మనిషి పద్నాలుగు రోజులు మింగాలంటే రోజూ ఎవరో ఒకరు వచ్చి అడగాలి. పైగా ఆ మందు అందరికీ పడదు. గర్భిణులకు, పసికందులకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారిలో ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. ఈ లోపం మన గిరిజనుల్లో ఉన్నదే. మూత్రం నల్లగా వస్తే వెంటనే మాత్ర ఆపి చెప్పాలన్న మాట ఆ ఇంటివాళ్లకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. మోటు, కలిమెల వైపు అది కోయ, తెలుగు. గుణుపూర్, పర్లాకిమిడి వైపు సవర, తెలుగు కూడా కావాలి. ఒడియా కరపత్రం ఒక్కటే సరిపోదు.

దేశం 2027 నాటికి స్థానికంగా సోకే మలేరియా కేసులను సున్నాకు తేవాలని, 2030కి నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ గడువులు దగ్గరపడ్డాయి. సరిహద్దు జిల్లాల మలేరియా అధికారులు మూడు రాష్ట్రాల నుంచీ ఒక్కచోట కూర్చుని వచ్చే వానాకాలం ముందరి శిబిరాలకు ఉమ్మడి తేదీలు ప్రకటించాలి. మిర్చి కోతల కూలీలు ఇళ్లకు చేరాకే ఆ తేదీలు ఉండాలి. ఆ తర్వాత వచ్చేవారి కోసం ప్రతి ఆశా కార్యకర్త దగ్గరా కొన్ని కిట్లు విడిగా ఉంచాలి. ఒక రాష్ట్రంలో పాజిటివ్ వచ్చిన మనిషి రెండో రాష్ట్రానికి పనికి వెళ్తే మిగిలిన మాత్రల లెక్క అక్కడి పీహెచ్‌సీకి ఫోన్‌లోనైనా అందాలి. కొఠియాలో రెండు రాష్ట్రాల సిబ్బంది ఒకే రోజున, ఒకే రిజిస్టర్‌తో ఇంటింటికీ తిరగాలి.