బిల్లు ‘క్షుణ్ణ’మైన వైనం

శాసనసభ వాయిదా పడిన సాయంత్రం మీడియా మైకుల ముందు నిలబడి, ‘బిల్లును సభ క్షుణ్ణంగా పరిశీలించి ఆమోదించింది’ అని ఏ మంత్రివర్యులైనా సెలవిచ్చినప్పుడల్లా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఉదయం ప్రవేశపెట్టిన బిల్లు మధ్యాహ్న భోజనానికి ముందే చట్టసభ గడప దాటిపోతే, ఆ పరిశీలన ఏ ముహూర్తంలో జరిగిందో అర్థమయ్యేది కాదు. మొన్న నిఘంటువు తిరగేశాక ఆ మంట చప్పున చల్లారింది. క్షుణ్ణము అంటే సంస్కృతంలో దంచబడినది, పొడిచేయబడినది, కాళ్లకింద పడి నలిగినది అని అర్థమట. పదిమందీ తొక్కి నలిపిన దారి అందరూ ఎరిగిన దారి అవుతుంది కనుక, ‘బాగా తెలిసిన’ అన్న భావం తరువాత వచ్చి చేరిందట. మన మంత్రులు ఆ మాటను మూలార్థంలోనే ఇంత నిష్ఠగా వాడుతుంటే, అబద్ధమాడుతున్నారని ఇన్నేళ్లూ వారిని అనుమానించినందుకు బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

సభా నియమావళి ప్రకారం, ప్రవేశపెట్టిన బిల్లుకు ప్రధానంగా మూడు దారులున్నాయి. వెంటనే పరిశీలనకు చేపట్టవచ్చు. కొద్దిమంది సభ్యులు కూర్చుని పరిశీలించే సెలెక్ట్ కమిటీకి నివేదించవచ్చు. ప్రజాభిప్రాయం కోసం పంపిణీ చేయవచ్చు. వీటిలో మొదటిది రాజమార్గం. మిగిలిన రెండూ తాతలనాటి ఇత్తడి గంగాళాల్లాంటివి. ఇంట్లో ఉన్నాయని అందరికీ తెలుసు, అటక మీది నుంచి దించిన వారు మాత్రం కనపడరు. అయితే ‘సెలెక్ట్ కమిటీకి పంపండి’ అన్న డిమాండు తెలుగు నేల మీద తరచుగానే వినిపిస్తుంది. దాన్ని ప్రతిపక్షంలో కూర్చున్నవారు అంటారు. వారే ఎన్నికలు గెలిచి స్పీకర్‌కు కుడివైపు బల్లల్లోకి మారేసరికి ఆ డిమాండుకు ‘కాలయాపన’ అనే కొత్త పేరు పెడతారు. ఈ సూత్రానికి మినహాయింపుగా నిలిచే పార్టీ ఏదైనా ఉంటే నాకు చూపించండి, నేను దానికి ఓటేస్తాను.

ఇక రాజమార్గంలో బిల్లు ప్రయాణాన్ని ప్రత్యక్ష ప్రసారంలో చూసిన వారికి వర్ణించనక్కర్లేదు గాని, చూడని అదృష్టవంతుల కోసం చెప్పక తప్పదు. ముందు చర్చ అనే ఘట్టం ఉంటుంది. అందులో బిల్లు తప్ప తక్కినవన్నీ ఉంటాయి. సభ్యుడు లేచి, తన నాయకుడి దూరదృష్టిని ఐదు నిమిషాలు, అవతలి నాయకుడి అవినీతిని పది నిమిషాలు, తన నియోజకవర్గంలోని వంతెనను రెండు నిమిషాలు స్మరించి, ‘ఈ బిల్లును మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను అధ్యక్షా’ అని కూర్చుంటాడు. ఏ బిల్లో ఆయన చెప్పడు; అడగడం మర్యాద కాదు. తరువాత క్లాజులవారీ పరిశీలన. పేరు వినగానే, ఒక్కొక్క నిబంధననూ దీపం దగ్గర పట్టుకుని బియ్యంలో రాళ్లేరినట్టు ఏరుతారని భ్రమపడతాం. జరిగేది వేరు. అధ్యక్షస్థానం నుంచి, తిరుపతి బస్సు ఎక్కబోతున్న వాడి తొందరతో ఒక స్వరం వినిపిస్తుంది: రెండు నుంచి పద్దెనిమిది వరకు గల క్లాజులు బిల్లులో భాగం కావాలన్నది ప్రశ్న, అనుకూలురు అవుననండి, ప్రతికూలురు కాదనండి, అవునన్నవారే అధికులు, క్లాజులు బిల్లులో భాగమైనవి. పదిహేడు క్లాజులు, ఒక్క ఊపిరి! ఎవరు అవునన్నారో, అసలెవరైనా అన్నారో తెలియదు. కొన్నిసార్లు ‘అవునన్నవారే అధికులు’ అన్న ప్రకటన ముందు వచ్చి, ‘అవును’ అన్న ధ్వని దాని వెనుక రొప్పుతూ పరుగెత్తుకొస్తుంది. ఆ పదిహేడింటిలో ఏ పదకొండో క్లాజులోనో ఒక ‘మరియు’ ఉండవలసిన చోట ‘లేక’ పడి, దాని దెబ్బకు రెండు జిల్లాల జనం పదేళ్లు కోర్టు మెట్లెక్కవలసి వస్తుందనుకోండి, ఆ క్లాజు కూడా సంతలో అమ్మకానికి తోలిన మేకలా మంద మధ్యలో తల వంచుకుని గేటు దాటిపోతుంది. వెనువెంటనే మొదటి క్లాజు, పీఠిక, పూర్తి నామం కూడా గేటు దాటుతాయి. క్రికెట్‌లో ఓవరుకు ఆరు బంతులు వేయడానికి ఇంతకంటే ఎక్కువ సమయం పడుతుంది.

సెలెక్ట్ కమిటీ అనే సంఘమే ఉంటే ఏమి చేస్తుంది? పెద్ద వింతేమీ చేయదు. పదీ పదిహేనుమంది సభ్యులు, అన్ని పార్టీలవారూ, కెమెరాలు లేని గదిలో బిల్లు ప్రతిని ముందు పెట్టుకుని కూర్చుంటారు. శాఖ కార్యదర్శిని పిలిచి ఈ వాక్యానికి అర్థమేమిటని అడుగుతారు. ఆయన నీళ్లు నములుతాడు. ఆ చట్టం ఎవరి నెత్తిన పడబోతోందో వారిని పిలిచి వింటారు. ఏకీభవించని సభ్యుడు అసమ్మతి పత్రం రాసి నివేదికకు జతచేస్తాడు. కెమెరా లేకపోతే మనుషులు ఎంత తెలివిగా మాట్లాడగలరో తెలుసుకోవడానికి ఇంతకు మించిన ఏర్పాటు లేదు. కేరళ శాసనసభలో 1980 నుంచి విషయ సంఘాలున్నాయి. బిల్లు సాధారణంగా వాటి చేతుల మీదుగా పోతుంది. పార్లమెంటు 1993లో శాఖలవారీ స్థాయీ సంఘాలను పెట్టుకుంది. ఈమధ్య వాటికి పంపే బిల్లులు తగ్గిపోయాయన్నది వేరే ఏడుపు. మనకు మాత్రం ఈ తద్దినమంతా గిట్టదు.

గిట్టదని ఊరికే అనడం లేదు. ఒక్కసారి మాత్రం, నలుగురూ చూస్తుండగా సెలెక్ట్ కమిటీ అనే శిశువును కనడానికి ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సాహసించింది. ఆ పురిటి కథ ఇది. 2020 జనవరి 20న మూడు రాజధానుల బిల్లు, సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) రద్దు బిల్లు శాసనసభలో ఆమోదం పొందాయి. రాష్ట్రానికి రాజధాని ఎక్కడ, భూములిచ్చిన రైతుల గతేమిటి అన్న స్వల్ప విషయాలే కనుక ఒక్క రోజు సరిపోయింది. ప్రతిపక్షానికి బలమున్న మండలిలో రెండు రోజుల రభస తరువాత, 22వ తేదీన, చైర్మన్ తన విచక్షణాధికారంతో రెండింటినీ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు ప్రకటించారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను మన పెద్దలు ఈ కమిటీ కోసమే దాచి ఉంచారేమో! పార్టీలు సభ్యుల పేర్లు కూడా ఇచ్చాయి, పాలకపక్షం తప్ప. కమిటీ ఏర్పాటు చేయమని చైర్మన్ కార్యదర్శికి ఫైలు పంపారు. నిబంధనలు ఒప్పుకోవంటూ కార్యదర్శి ఫైలు తిప్పి పంపారు. చైర్మన్ మళ్లీ పంపారు. ఫైలు మళ్లీ తిరిగి వచ్చింది. వెలగపూడిలోని ఒకే ప్రాంగణంలో, ఒక బల్ల నుంచి మరో బల్లకు, ఒక రాష్ట్ర రాజధాని భవితవ్యాన్ని మోసుకుంటూ అట్టముక్కల మధ్య కాగితాలు ఇలా షటిల్ ఆడుతుంటే, పద్నాలుగు రోజులలో కమిటీ ఏర్పడలేదు కనుక బిల్లులు ఆమోదం పొందినట్టేనన్న వాదన పాలకపక్షం వైపు నుంచి వినిపించింది. అంటే, పురుడు పోయనివ్వని మంత్రసానే బిడ్డ పుట్టలేదు కనుక ఆస్తి నాదేనన్నదన్నమాట. చివరకు చైర్మన్ రాజ్‌భవన్‌కు వెళ్లి గవర్నర్‌కు మొర పెట్టుకున్నారు.

ఈ షటిల్ మొదలవుతుండగానే, బిల్లును పరిశీలిస్తామన్న పాపానికి పరిశీలించే సభనే లేకుండా చేయాలని శాసనసభ తీర్మానించింది. జనవరి 27, అనుకూలం 133, వ్యతిరేకం సున్న. ప్రతిపక్షం సభకు రాలేదు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్న వాడి గురించి విన్నాం గాని, తగలబెట్టడానికి కూడా మూడొంతుల మెజారిటీ తెచ్చుకున్న వాడిని చూడటం అదే మొదలు. 1985లో ఒకసారి రద్దయి, 2007లో మళ్లీ బతికిన మండలికి చావు కొత్త కాదు కనుక అది కంగారు పడలేదు. పడనక్కరలేదు కూడా. దాదాపు 22 నెలల తరువాత, 2021 నవంబరు 23న, అదే శాసనసభ ఆ రద్దు తీర్మానాన్ని వెనక్కు తీసుకుంది. అప్పటికి మండలిలో ఎవరి బలం ఎంతో లెక్క మారిందన్నది కేవలం కాకతాళీయం.

మరి బిల్లులు? 2020 జూన్‌లో శాసనసభ వాటిని రెండోసారి ఆమోదించింది, మండలి వాటిని చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది. రాజ్యాంగంలోని 197వ అధికరణం ప్రకారం ఇలా రెండోసారి వచ్చిన బిల్లును మండలి నెలరోజులు పట్టించుకోకపోతే ఆమోదించినట్టే లెక్క. అంటే ఆ బిల్లులను చివరికి పరిశీలించి పంపినది గోడమీది క్యాలెండర్. జూలై 31న గవర్నర్ సంతకం పడింది. సెలెక్ట్ కమిటీ ఏర్పడి ఉంటే మూడు నెలలు పట్టేదేమో. అది భరించలేని ఆలస్యం. ఆ ఆలస్యాన్ని వీరోచితంగా నివారించి, పదహారు నెలలు కోర్టుల చుట్టూ తిరిగి, 2021 నవంబరు 22న, మరింత అధ్యయనమూ సంప్రదింపులూ అవసరమంటూ ప్రభుత్వమే ఆ చట్టాలను రద్దు చేసుకుంది. అధ్యయనమట! సంప్రదింపులట! ఆ రెండు పనులు చేసే యంత్రానికే గదా స్వామీ, సెలెక్ట్ కమిటీ అని పేరు! రద్దు బిల్లు మాత్రం ప్రవేశపెట్టిన రోజే శాసనసభ దాటింది. సంప్రదింపులు కావాలన్న బిల్లుకు సంప్రదింపులు అక్కరలేకపోవడం తర్కానికి అందదు, క్షుణ్ణానికి అందుతుంది.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. భూమి దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు.

తెలంగాణ పల్లెల్లో సాదాబైనామా అంటే ఏమిటో శాసనసభ్యులకు చెప్పవలసిన పని లేదు, సగంమంది ఆ ఊళ్లనుంచి వచ్చినవారే. ఎకరమో అరెకరమో కొని, రిజిస్ట్రేషన్‌కు డబ్బు లేక, తెల్లకాగితం మీద నలుగురు పెద్దమనుషుల ఎదుట వేలిముద్రలు వేయించుకున్న ఒప్పందం. కొన్నవాడు ముప్ఫై ఏళ్లుగా దున్నుతుంటాడు. అమ్మినవాడు చనిపోయి ఉంటాడు. పాసుపుస్తకం ఇంకా అమ్మినవాడి పేరే చెబుతుంటుంది. 1971 నాటి పాత చట్టంలో ఇలాంటివారికి ఒక దారి ఉండేది, 5-ఏ సెక్షన్. 2020 సెప్టెంబరు 9న కొత్త రెవెన్యూ బిల్లు సభలోకి వచ్చింది, 11న ఆమోదం పొందింది. పాత చట్టం పోయింది, దానితోపాటు ఆ దారీ పోయింది. కొత్తదానిలో దానికి చోటు లేదు. అక్టోబరు 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ రోజుల్లోనే ప్రభుత్వం ఏమి చేస్తోందో తెలుసా? సాదాబైనామాలకు దరఖాస్తులు పెట్టుకోండని ప్రజలను పిలుస్తోంది, నవంబరు 10 దాకా. తాను మూసిన తలుపు ముందు తానే క్యూ కట్టించింది! 9 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పాత చట్టం పోయాక వచ్చినవాటిని లేని సెక్షన్ కింద ఎలా పరిష్కరిస్తారని హైకోర్టు ఆపింది. హైకోర్టు దాకా పోవలసిన ప్రశ్నా అది? బిల్లును ఎదుట పెట్టుకుని కూర్చున్న పదిమందిలో ఒక్కడు, ఊళ్లో ఒక్క భూతగాదా తీర్చిన అనుభవమున్న ఒక్కడు, ‘అయ్యా, 5-ఏ ఎక్కడ పోయింది?’ అని అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి కుర్చీ లేదు, గది లేదు, రెండో వారం లేదు. తప్పుల సవరణకు తహసీల్దారు దగ్గర అధికారం లేదన్నారు, పైన అప్పీలు లేదన్నారు, సివిల్ కోర్టుకు పొమ్మన్నారు. అరెకరం రైతును! పాసుపుస్తకం లేదు కనుక ఆయనకు రైతుబంధు రాలేదు, చనిపోతే ఇంటివాళ్లకు రైతుబీమా రాలేదు. బిల్లు రెండు రోజుల్లో పాసయిందన్న ఘనతను చెప్పుకునే పెద్దలు, ఆ రెండు రోజులకు బదులుగా ఆ మనిషి ఎన్నేళ్లు మీసేవ కేంద్రం ముందు నిలబడ్డాడో కూడా లెక్కగట్టి చెబితే బాగుండేది. సిగ్గుపడవలసిన వేగానికి సన్మానాలు చేసుకుంటున్నాం.

మూడేళ్లకు ప్రభుత్వం మారింది, ఆ తరువాత ఆ చట్టం పోయి భూభారతి చట్టం వచ్చింది. ముసాయిదాను ముందుగా ప్రజల ముందు పెట్టి అభిప్రాయాలు అడిగారు. అప్పీళ్లు తిరిగి తెచ్చారు, సాదాబైనామాకు చోటిచ్చారు, భూమి ఎవరి అనుభవంలో ఉందో రాసే అనుభవదారు కాలమ్‌ను మళ్లీ పెట్టారు. ఆ మేరకు మెచ్చుకోవలసిందే. సభలోకి వచ్చాక మాత్రం ఆచారం ఆచారమే: 2024 డిసెంబరు 18న ప్రవేశం, 20న ఆమోదం. తెలంగాణలో ప్రతి గుంట భూమికీ వర్తించే ఆ చట్టాన్ని సభ పరిశీలిస్తున్న ఆ రోజు, ఫార్ములా-ఈ కారు రేసు మీద చర్చ జరగాల్సిందేనని పట్టుబట్టిన ప్రతిపక్షం కేకలతో శాసనసభ దద్దరిల్లిపోయింది. ఆ హోరులోనే క్లాజులన్నీ తలలు వంచుకుని గేటు దాటాయి.