సవరణ: లండన్ గొడుగు హత్య

బల్గేరియా రచయిత గియోర్గి మార్కోవ్‌ను 1978లో లండన్‌లో విషపు గొడుగుతో పొడిస్తే అక్కడికక్కడే చనిపోయాడని మొన్న రాశాను. తప్పు నాదే. సెప్టెంబర్ 7న వాటర్‌లూ వంతెన దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా తొడ వెనక చురుక్కుమంది. తిరిగి చూస్తే ఒకతను కింద పడిన గొడుగు తీసుకుంటున్నాడు. మార్కోవ్ మామూలుగానే బీబీసీ ఆఫీసుకు వెళ్లి పని చేసుకున్నాడు. ఆ సాయంత్రం జ్వరం మొదలైంది. చనిపోయింది 11న.

ఒంట్లో రిసిన్ అనే విషం దొరికిందన్నదీ సరికాదు. దొరికింది గుండుసూది తలంత లోహపు గుండు, దానికి రెండు సన్నటి రంధ్రాలు. విషం ఆనవాలు మిగల్లేదు. లక్షణాలను బట్టి రిసిన్ అయి ఉంటుందని నిపుణులు అంచనాకొచ్చారు. (మన ఆముదం గింజల్లో ఉండేదే ఇది. నూనె తాగించిన అమ్మమ్మలు కంగారుపడనక్కర్లేదు, విషం నూనెలోకి రాదు.)

గుండు గొడుగులోంచే వచ్చిందని కూడా రుజువు కాలేదు. సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ మనిషికి శిక్ష పడిందన్న వాక్యం పూర్తిగా తీసేశాను. బల్గేరియా గూఢచారి శాఖకు కేజీబీ సాయం చేసిందని కేజీబీ మాజీ అధికారులే తర్వాత చెప్పారు గానీ, ఈ హత్యకు ఇంతవరకూ ఎవరికీ శిక్ష పడలేదు.