మిగిలిపోయిన ఒక్క నిమిషం

పోయిన ఏడు సద్దుల బతుకమ్మ నాడు, ఈ పరాయి దేశంలోని మన తెలుగు సంఘం వేదిక మీద జరిగిన ఒక సంగతిని గురించి రాయాలా వద్దా అని నెలల తరబడి ఆలోచించాను. ఆ సాయంత్రం అక్కడున్న చాలామందికి అది ఇప్పుడు గుర్తు కూడా ఉండకపోవచ్చు. ఉయ్యాల పాటలు ముగిసి, సత్తుపిండి, మలీద పంచేలోగా పిల్లలకు ఎప్పటిలాగే రెండు పోటీలు పెట్టారు. ఒకటి 'నాకు నచ్చిన పుస్తకం' గురించి మూడు నిమిషాల ప్రసంగం, రెండోది సంప్రదాయ వస్త్రధారణ. పదిహేనేళ్ల మా అమ్మాయి రెండింటికీ పేరిచ్చింది. తెల్లని కుర్తా, జీన్స్ ప్యాంటు మీద తేలియా రుమాళ్లతో (నూనెలో నానబెట్టిన నూలుతో చేత్తో నేసే బట్టలతో) కుట్టించుకున్న పొట్టి కోటు వేసుకుని, అట్ట నలిగిపోయిన 'ట్విలైట్' నవల చేతబట్టుకుని వేదిక ఎక్కింది. రెండు నిమిషాలు మాట్లాడిందో లేదో, ఒక పెద్దాయన మైకు అందుకుని, పండుగపూట రక్తం తాగే పిశాచాల కథలు మనకెందుకమ్మా అన్నారు. అంతటితో ఆగకుండా, ఇంత మంచి బట్టను కత్తెరతో ముక్కలు చేసి కోటు కుట్టించుకోవడం మన పద్ధతేనా అని సభను అడిగారు. సభ నవ్వింది. మా అమ్మాయి నమస్కారం పెట్టి దిగిపోయింది. మొదటి వరుసలో కూర్చున్న నేను లేచి ఒక్క మాటయినా అనలేదు.

వస్త్రధారణ బహుమతి ఇక్కత్ (పోగులకు ముందే రంగులద్ది నేసే) చీర కట్టుకున్న మరో అమ్మాయికి వచ్చింది. ఆ పిల్ల కట్టు ఎంతో ముచ్చటగా ఉందని నేనే వెళ్లి చెప్పాను. ఫొటో కోసం ఆమె కొంగు సవరిస్తుంటే బట్ట ఒక్కసారి తిరగబడింది. వెనుక వైపు తెల్లగా, బొమ్మ లేకుండా వెలవెలబోయి ఉంది. అది నేసిన ఇక్కత్ కాదు, పోచంపల్లి నమూనాను పాలిస్టరు మీద అచ్చు వేసిన చీర. అందులో ఆ అమ్మాయి తప్పేమీ లేదు. తిరగేసి చూడవలసినవాళ్లం, తెలుసుకుని చెప్పవలసినవాళ్లం పెద్దలం.

ఆ కోటు ఎక్కడిదో మీకు చెప్పాలి. ఆ పండుగకు ముందటి వేసవి సెలవుల్లో నల్లగొండలో అమ్మ దగ్గర నెలన్నర ఉన్నాము. కూలరు ముందు బోర్లా పడుకుని మా అమ్మాయి ఆ నవలను మళ్లీ మొదటి నుంచి చదువుతుంటే, మామిడి ముక్కలకు ఉప్పు కారం అద్దుతున్న అమ్మ, "ఏం బిడ్డా, మళ్ల గదే బుక్కు సదువుతున్నవా? అండ్ల ఏమున్నది?" అని అడిగింది. చావులేని ఒక అబ్బాయి, మామూలు మనిషయిన ఒక అమ్మాయి అంటూ అది తనకు వచ్చిన తెలుగులో కథ చెప్పసాగింది. అమ్మ నవ్వలేదు. చివరిదాకా విని, లోపలికి పోయి, ఇనుప పెట్టె అడుగు నుంచి ఒక కాగితాల కట్ట తెచ్చింది. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన క్షుద్రవిద్యల నవల 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు వారం వారం చింపి దాచి, దబ్బనంతో కుట్టుకున్న పేజీలవి. ఆ రోజుల్లో రాత్రిపూట పెరట్లోకి పోవాలంటే నాన్నను తోడు రమ్మనేదట. అంత భయపడుతూనే పత్రిక వచ్చే రోజు కోసం వేళ్ల మీద లెక్కపెట్టుకునేదట. ఇప్పటికీ ఏడాదికొకసారి తీసి చదువుకుంటానని చెప్పింది. కన్నతల్లి గురించి ఈ సంగతి నాకు నలభై ఆరేళ్ల వయసులో తెలిసింది. అదీ నా కూతురు ఒక ఇంగ్లీషు నవలను మళ్లీ మళ్లీ చదవడం వల్ల తెలిసింది.

మర్నాడు సాయంత్రం ముగ్గురం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లాము. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలిచే ఆ నీడను చూసి మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. సూర్యుడు జరుగుతుంటే నీడ ఎందుకు జరగదని గుడి చుట్టూ తిరిగి, స్తంభాల మధ్య నుంచి వెలుతురు ఏయే దారుల్లో లోపలికి వస్తోందో తానే చూసుకుంది. వింత అంటే ఇష్టమున్న పిల్ల కనుకనే అంత ఓపికగా చూసిందని నా నమ్మకం.

ఆ వారమే మునుగోడు మీదుగా పుట్టపాకకు పోయాము. 2016లో జిల్లాలు విడిపోయి పోచంపల్లి, పుట్టపాక యాదాద్రి భువనగిరిలోకి వెళ్లాయి గాని, మా నోట ఇంకా అవి నల్లగొండ ఊళ్లే. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పనిలోనే పండిన గజం గోవర్ధనకు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఇవన్నీ నాకు వార్తలుగా తెలుసు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్న మనిషిని దగ్గరగా చూడడం మాత్రం అదే మొదటిసారి. అరవై కిలోమీటర్ల లోపే పుట్టి పెరిగి కూడా ఇన్నేళ్లు చూడకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆ ఇంటి పెద్దాయన మా అమ్మాయికి పని మొత్తం విడమరిచి చెప్పాడు. నేతకు ముందు నూలును నూనెలోను, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలోను నానబెట్టడం, ఎండబెట్టడం, మళ్లీ నానబెట్టడం రోజుల తరబడి సాగుతుంది. పేరులోని తైలం అదే. కొత్త రుమాలును ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ వాసన ఇంకా తెలుస్తుంది. మన పాలమూరు, నల్లగొండ చెలకల్లో పండే ఆముదమే ఆ ఎరుపుకు అంత పట్టునిస్తుందని తెలిసినప్పుడు, చిన్నప్పుడు మా చేనులో ఆ కాయలు ఏరిన నా చేతులను చూసుకున్నాను. సంప్రదాయ రుమాలులో ఎరుపు, నలుపు, తెలుపు తప్ప వేరే రంగు ఉండదు. బొమ్మ ఎక్కడ పడాలో లెక్కగట్టుకుని, పోగులను సైకిలు ట్యూబు పీలికలతో బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆరిన తరువాత విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. చిటికి కట్టడమంటే ఇదే. పడుగుకు (నిలువు పోగులకు), పేకకు (అడ్డం పోగులకు) రెండింటికీ ఇట్లా కట్టి, మగ్గం మీద ఒకదాని గుర్తు మీద ఇంకొకదాని గుర్తు సరిగ్గా కూర్చునేటట్టు నేస్తారు. అందుకే బొమ్మ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో నీళ్లలో కదిలినట్టు సన్నని వణుకు కనబడుతుంది. అచ్చు వేసిన బట్టలో గీత కత్తితో కోసినట్టుంటుంది, వెనుక వైపు వెలిసిపోయినట్టుంటుంది. ఈ రెండు గుర్తులు తెలిస్తే అంత తేలిగ్గా మోసపోము.

పక్క గదిలో ఒక ఆమె ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు నూలును మేకులకు చుట్టి వరుస పెడుతోంది. ఒక్క చీరకే చేయి కొన్ని వేలసార్లు మేకుల మధ్య అటూ ఇటూ తిరగాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసిన కథ, ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చిన సంగతి నేను అక్కడే మా అమ్మాయికి చెప్పాను. అది వినలేదు. ఆసు పోస్తున్న ఆమె భుజం వైపే చూస్తూ నిలబడింది.

రెండు రుమాళ్లు కొన్నాము. కోటు కుట్టించుకుంటానని పిల్ల అన్నప్పుడు, నిజం చెప్పాలి, వేదిక మీద పెద్దాయన అన్న మాటే ముందుగా నేనన్నాను. ఇంత పని చేసిన బట్టను కోస్తావా అని కోప్పడ్డాను. నేసిన పెద్దాయనే నన్ను ఆపాడు. "కట్టుకుంటెనే బట్ట బిడ్డా. పెట్టెల పెడితే పురుగులు తింటయ్. పిల్ల తొడుక్కుని నలుగురిల తిరిగితే మాకు ఇంకో నాలుగు రుమాళ్ల పని దొరుకుతది" అన్నాడు. నల్లగొండలో దర్జీ మాత్రం సగం రోజు బట్టను బల్ల మీద పరిచి ఉంచి, కత్తెర పెట్టడానికి చేతులు రావట్లేదమ్మా అన్నాడు. చివరికి ఒక్క బొమ్మ కూడా తెగకుండా, వీపు మీద చదరం చదరంగా నిలిచేటట్టు కుట్టి ఇచ్చాడు. మిగిలిన పీలికతో పిల్ల అడగకముందే ఆ నవలకు అట్ట మీద కట్టుకునే పట్టీ కూడా కుట్టాడు.

ఆ ప్రయాణంలోనే అమ్మకు నారాయణపేట నూలు చీర, నాకు గద్వాల సీకో (పట్టు, నూలు కలిసిన) చీర కొన్నాను. నూలు ఒంటికి పట్టు అంచును, కొంగును చిక్కించి నేసిన గద్వాల పనితనం గురించి రాయాలంటే ఇంకో వ్యాసం కావాలి. ఇన్నేళ్లలో నేను కొన్న బట్టల్లో, నేసిన చేతులను చూసి కొన్నవి ఈ కొన్నే. అవి కట్టుకున్న రోజు నా నడక కూడా వేరుగా ఉంటుంది.

ఇక ఆ నవల సంగతి. 'ట్విలైట్' మొదటి పుస్తకం 2005లో వచ్చింది. నేను 2006లో చదువు కోసం ఈ దేశం వచ్చాను. హాస్టలు గదిలో ఎవరో వదిలిపోయిన ప్రతి నా చేతికి దొరికింది. ఎండ కాసే ఫీనిక్సు నుంచి, ఎప్పుడూ వాన పడే ఫోర్క్స్ అనే చిన్న ఊరికి వచ్చి, తెలిసిన ముఖం లేని బడిలో అడుగుపెట్టిన పదిహేడేళ్ల పిల్ల కథ అది. నల్లగొండ ఎండల నుంచి మంచులోకి వచ్చి, రోజుల తరబడి ఎవరితోనూ తెలుగు మాట్లాడక గడిపిన నాకు ఆ మొదటి అధ్యాయాలు ఎంత తోడయ్యాయో చెప్పలేను. అందులో పిశాచాలున్నాయన్నది అప్పుడు నాకు పెద్ద విషయంగా తోచలేదు. పరాయి చోట కూడా తన కోసం ఒకరు ఎదురుచూస్తారన్న ఆశ కోసం చదివాను.

ఇరవై ఏళ్ల తరువాత కూతురి ప్రతిని తీసుకుని మళ్లీ చదివినప్పుడు వేరే పుస్తకం చదివినట్టనిపించింది. ఆ అబ్బాయి రాత్రిపూట చెప్పకుండా గదిలోకి వచ్చి, నిద్రపోతున్న పిల్లను చూస్తూ కూర్చుంటాడు. ఒకప్పుడు నాకది ప్రేమగా కనిపించింది. తల్లినైన తరువాత ఆ పుట దగ్గర ఆగిపోయాను. భోజనాల దగ్గర అదే అడిగితే మా అమ్మాయి, "మొదటిసారి నాకూ నచ్చిందమ్మా, మూడోసారి చదివినప్పుడు తప్పనిపించింది, అందుకే మళ్లీ చదువుతాను" అంది. ఆ రాత్రి ఎవరిని గదిలోకి రానివ్వాలి, ఎవరిని వద్దనాలి, ఇష్టానికీ కాపలాకూ తేడా ఏమిటని రెండు గంటలు మాట్లాడుకున్నాము. పదిహేనేళ్ల పిల్లతో ఆ మాటలు నేరుగా మొదలుపెట్టే ధైర్యం నాకు లేదు. ఆ నవలే వాటికి చోటిచ్చింది.

వేదిక మీద మైకు అందుకున్న పెద్దాయన భయం నాకు అర్థం కాకపోలేదు. పిల్లలు తెలుగు చదవలేకపోతున్నారు, పోతన పద్యం ఒక్కటి నోటికి రాకుండా పెరుగుతున్నారు, ఏడాదికి ఒక్క రోజు దొరికే వేదిక కూడా ఇంగ్లీషు కథలకు పోతే ఇక మిగిలేదేమిటని ఆయన బాధ. ఆ బాధ నాదీను. కాని భయం పుట్టించే కథలు మనవి కావన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. చెట్టెక్కి శవాన్ని దించి భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడిని, ఆ శవంలోంచి మాట్లాడే బేతాళుడిని చందమామలో నెలనెలా చదువుకుని పెరిగినవాళ్లం మనం. మన అమ్మలు క్షుద్రవిద్యల సీరియళ్లను చింపి కుట్టుకుని దాచుకున్నారు. ఆ ఇష్టం పిల్లలకు మన దగ్గరి నుంచే పోయింది, పుస్తకం మాత్రం వాళ్ల బడిలో దొరికింది.

బట్ట విషయంలోనూ నేను మిల్లు బట్ట కట్టినవారిని తప్పుపట్టడం లేదు. చేనేత అందరికీ అందుబాటు ధరలో ఉండదు. 2017 నుంచి బతుకమ్మ చీరలు నేసిన సిరిసిల్ల మరమగ్గాల కార్మికులూ మనవాళ్లే. నాకు నొప్పి కలిగించింది ఇది: చేత్తో నేసిన బట్టను తొడుక్కున్న పిల్లను దాని రూపం చూసి మందలించాము, నేతను అనుకరించిన అచ్చుకు దాని రూపం చూసి బహుమతి ఇచ్చాము. రెండుసార్లూ బట్టను చూడలేదు.

అందువల్ల సంఘం పెద్దలకు నా విన్నపం. ఈ ఏటి వస్త్రధారణ పోటీలో పిల్లలను ఆ బట్ట ఏ ఊరిది, ఎట్లా నేశారు, ఎవరు ఇచ్చారు అని అడగండి. అమ్మమ్మ పాత నారాయణపేట చీరను లంగాగా కుట్టించుకున్న పిల్ల కూడా ధైర్యంగా ముందుకు వస్తుంది. పుస్తకాల పోటీలో ఏ భాష పుస్తకమైనా తెచ్చుకోనివ్వండి, దాని గురించి తెలుగులో మాట్లాడమని మాత్రం అడగండి. మా అమ్మాయి ఆ రోజు మాట్లాడింది తెలుగులోనే. నేనడగకుండానే, నిఘంటువు పెట్టుకుని, మూడు వారాలు రాసుకుంది.

ఆ రాత్రి కారులో అది ఏడవలేదు, మాట్లాడనూ లేదు. ఇంటికి వచ్చి కోటును మడతపెట్టి సొరుగు అడుగున పెట్టింది. ఇప్పటికీ తీయలేదు. ఫోనులో అమ్మ అడిగినప్పుడల్లా చలి లేదని చెబుతోంది. ఈ ఏడు సద్దుల నాడు ఆమెను ఒకసారి వేదిక మీదికి పిలవండి. బహుమతి వద్దు. ఆ మూడు నిమిషాల్లో మిగిలిపోయిన ఒక్క నిమిషం ఇవ్వండి. మొదటి రెండు నిమిషాల మాటలు అద్దం ముందు చెప్పుకుంటుంటే తలుపు చాటు నుంచి నేను విన్నాను. చివరి నిమిషంలో ఏం చెప్పాలనుకుందో నాకు కూడా ఇంతవరకు చెప్పలేదు.