ఇర్రంమంజిల్ మీద సర్కారు పలుగు

2019 జూన్ 27న హైదరాబాద్‌లోని ఎర్రమంజిల్‌లో తెలంగాణ కొత్త శాసనసభకు భూమిపూజ జరిగిపోయింది. అక్కడ అప్పటికే ఒక భవనం నిలబడి ఉందన్న సంగతి మంత్రివర్గానికి అడ్డంకిగా తోచలేదు. 1870 ప్రాంతంలో నవాబ్ ఫక్రుల్ ముల్క్ కట్టించుకున్న నివాసం ఇర్రంమంజిల్ అది. నూటయాభైకి పైగా గదులు, యూరప్ బరోక్ పోకడల గచ్చు నగిషీలు. ఫారసీలో ‘ఇరం’ అంటే స్వర్గవనం. తెలుగువాళ్లు ఎర్రగడ్డ అనే ఆ దిబ్బ పేరుకు అది దగ్గరగా వినబడుతుందనే నవాబు దాన్ని ఎంచుకున్నాడనీ, పేరుకు తగ్గట్టు గోడలకూ ఎర్రరంగు వేయించాడనీ చెబుతారు.

కొత్త రాష్ట్రానికి తన హోదాకు తగిన శాసనసభ కావాలని, పాత కట్టడం శిథిలమైందని అప్పటి ప్రభుత్వం అంది. సభ కావాలంటే కట్టుకోవచ్చు, స్థలాలకు కరవు లేదు. శిథిలం మాటకు మాత్రం జవాబు చెప్పాల్సింది ఆ ప్రభుత్వమే. ఇర్రంమంజిల్ ఆవరణ ఇన్నేళ్లూ ఎవరి చేతిలో ఉంది? రోడ్లు, భవనాల శాఖ ఇంజినీర్లే అక్కడ కార్యాలయం పెట్టుకున్నారు. భవనాల శాఖ నీడనే భవనం పాడుపడటం మన పాలనకే చెల్లింది! అదే నవాబు నగరంలోని మరో నివాసం అసద్‌బాగ్, నిజాం కళాశాలగా మారి ఇప్పటికీ బతికే ఉంది.

మమ్మల్ని కలవరపెట్టింది ఒక్క భవనం గతి కాదు. హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన ఇర్రంమంజిల్‌ను వారసత్వ కట్టడంగా కాపాడింది. ముందస్తు అనుమతి లేకుండా దాని ఇటుక కదపడానికి వీలుండేది కాదు. ఆ నిబంధనను 2015 డిసెంబరులో ప్రభుత్వమే తొలగించింది. 2017లో వారసత్వ చట్టం తెచ్చింది. 2019లో, పాత నిబంధన లేదు, కొత్త చట్టం జాబితాలో ఈ కట్టడం లేదు, కాబట్టి కూల్చవచ్చునని వాదించింది. రక్షణ తీసేసిన చేతులే రక్షణ లేదని చూపించాయన్నమాట. సొంతదారు తానే, కాపలాదారు తానే, పలుగు పట్టేదీ తానే అయినప్పుడు ఆ జాబితాకు విలువేముంది? ఇదే తర్కం రేపు 13వ నిబంధన కింద ఉండిన ప్రతి దేవిడీకి (పాత ప్రభువుల భవంతికి), ప్రతి మంజిల్‌కు వర్తిస్తుంది. పాతబస్తీలో తాత కట్టిన ఇంటి కిటికీ మార్చడానికి అనుమతి కోసం తిరిగిన మనిషిని, ఇకమీదట ఏ అధికారి ఏ ముఖంతో ఆపగలడు?

2015లో ఉస్మానియా ఆసుపత్రిని కూలుస్తామన్నప్పుడు నగరం మండిపడింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ పాఠం నాలుగేళ్లయినా నిలవలేదు. ఇప్పుడున్న శాసనసభ భవనమే 1905లో పునాది పడి 1913లో పూర్తయిన టౌన్‌హాల్. అక్కడ కూర్చుని వారసత్వ చట్టానికి చేయెత్తిన సభ్యులు, ఈ కూల్చివేత ప్రయత్నం మీద ఒక్కరోజైనా అదే సభలో నోరు విప్పాల్సింది. ముందు 13వ నిబంధనను ఎందుకు తీసేశారో అప్పటి ముఖ్యమంత్రి చేత చెప్పించాల్సింది. అది చెప్పనంతవరకు ఎర్రమంజిల్‌లో పలుగు ఎత్తే హక్కు ఆ ప్రభుత్వానికి లేకపోయింది.