నామినేషన్‌కు మూడు రోజులే, మరి తయారీ ఎప్పుడు?

తెలంగాణలో గ్రామ పంచాయతీ ఎన్నికల షెడ్యూల్ 2025 నవంబర్ 25న వచ్చింది. తొలి విడత నామినేషన్లు 27న మొదలై 29తో ముగిశాయి. పోలింగ్ డిసెంబర్ 11న జరిగింది. ఏ ఊరి సర్పంచ్ పదవి ఎవరికి రిజర్వు అయిందో తేలింది కూడా షెడ్యూల్‌కు కొద్ది రోజుల ముందే. ఈసారి ఊరు బీసీ మహిళకు వచ్చిందని తెలిశాక ఇంట్లో మాట్లాడుకోవాలి, కులం సర్టిఫికెట్ వెతకాలి, పన్ను బాకీ కట్టాలి, ప్రతిపాదించే మనిషిని ఒప్పించాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, ఫారాలు నింపాలి. వీటన్నిటికీ కలిపి దొరికింది వారం, మహా అయితే పది రోజులు.

ఈ గడువు అందరికీ ఒకటే అనిపిస్తుంది కానీ కాదు. పార్టీ నాయకుడి వెనుక తిరిగే మనిషికి ఫారం నింపిపెట్టే వాళ్లుంటారు, అఫిడవిట్ చూసే వకీలు ఉంటాడు, రిజర్వేషన్ ఎటు తిరిగినా నిలబెట్టడానికి ఇంట్లో భార్యో, తల్లో, నమ్మకస్తుడో ఉంటారు. ఏళ్ల తరబడి పొదుపు సంఘం లెక్కలు రాస్తున్న మహిళకు, నీళ్ల ట్యాంకు కోసం మండలాఫీసు చుట్టూ తిరిగిన కుర్రాడికి ఆ బలగం ఉండదు. వాళ్లకు పోటీ ఆలోచన వచ్చేసరికే నామినేషన్ల గడువు దాటిపోతుంది. స్థానిక ఎన్నికల్లో సామాన్యులకు అడ్డుపడేది డబ్బేనని అందరూ అంటారు. అది నిజమే. అయితే డబ్బు ప్రభావం మొదలుకాకముందే ఎంతోమందిని ఈ తక్కువ గడువు పక్కకు నెట్టేస్తోంది. ఇది ఎన్నికల సంఘమూ ప్రభుత్వమూ తలచుకుంటే సరిదిద్దగలిగిన లోపం. అప్పటిదాకా పోటీ చేయాలనుకునేవాళ్లు ఏడాది ముందే సిద్ధం కావడం తప్ప దారి లేదు.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది ఓటరు జాబితా. ఏ పంచాయతీలో పోటీ చేస్తారో ఆ పంచాయతీ జాబితాలో పేరు ఉండాలి. పంచాయతీ జాబితాను అసెంబ్లీ జాబితా నుంచే వార్డుల వారీగా విడగొడతారు. బతుకుదెరువుకు హైదరాబాద్ పోయి, ఓటు అక్కడికి మార్చుకుని, పండక్కి ఊరికి వచ్చి 'నేనూ నిలబడతా' అంటే కుదరదు. పెళ్లయి వచ్చిన కోడళ్ల ఓటు చాలాచోట్ల పుట్టింటి ఊళ్లోనే ఉండిపోతుంది. మహిళా రిజర్వేషన్ వచ్చిన రోజున ఈ సంగతి బయటపడితే చేయగలిగింది పెద్దగా ఉండదు.

21 ఏళ్లు నిండి ఉండాలి. ఇది రాజ్యాంగంలోని 243ఎఫ్ అధికరణం ఇచ్చిన హక్కు. అసెంబ్లీకి 25 ఏళ్లు కావాలి, ఊరికి 21 చాలు. చదువు నిబంధన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లేదు. హరియాణా 2015లో చదువు అర్హత పెడితే సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఆ రోజుతో అక్కడ అక్షరం రాని ఎందరో ఆడవాళ్లకు పోటీ చేసే దారి మూసుకుపోయింది. మన దగ్గర ఆ తప్పు జరగనందుకు సంతోషించాలి. ఇద్దరు పిల్లల నిబంధన మాత్రం ఇక్కడ దాదాపు 30 ఏళ్లు నడిచింది. 1995 తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులే. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2024 నవంబర్‌లో, తెలంగాణ 2025లో ఎత్తేశాయి. అయినా 'నీకు ముగ్గురు పిల్లలు కదా, నీకెట్లా ఇస్తారు?' అని వెనక్కి లాగే మాట ఊళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఆ మాట నమ్మి ఆగిపోవద్దు.

రిజర్వేషన్ల విషయంలోనూ ఇలాంటి అపోహలు ఉన్నాయి. జనరల్ స్థానం అంటే ఓసీల స్థానం అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. జనరల్‌లో ఎవరైనా పోటీ చేయొచ్చు. ఎస్సీ, ఎస్టీ, బీసీలు నిలబడొచ్చు, మహిళలూ నిలబడొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు మహిళలకు రిజర్వు అయి ఉన్నాయి. ఆ సగం కనీసమే తప్ప గరిష్ఠం కాదు. తాము ఉండే వార్డు వేరే వర్గానికి పోయిందని ఇంట్లో కూర్చునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. పంచాయతీలో ఓటు ఉంటే అదే పంచాయతీలోని మరో వార్డు నుంచి పోటీ చేయొచ్చు. ప్రతిపాదించే వ్యక్తి మాత్రం ఆ వార్డు ఓటరై ఉండాలి.

ఇక కాగితాలు. నామినేషన్ కేంద్రాల దగ్గర చివరి రోజు సాయంత్రం ఎలా ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. నాలుగైదు పంచాయతీలకు కలిపి ఒక క్లస్టర్, దానికో గది. 5 గంటలకు గేటు వేసి, లోపల క్యూలో ఉన్నవాళ్లకు టోకెన్లు ఇస్తారు. ఆ క్యూలోనే మోకాలి మీద ఫైలు పెట్టుకుని ఆస్తుల గడులు నింపేవాళ్లు, సాక్షి సంతకం కోసం ఫోన్ చేసి మనిషిని పిలిపించేవాళ్లు కనిపిస్తారు. తప్పులు జరిగేది అక్కడే. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు గురించి ఇచ్చే డిక్లరేషన్‌లో ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. కేసులు లేకపోతే 'లేవు' అని రాయాలి, గీత గీసి ఊరుకోకూడదు. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. ఓటరు జాబితాలో పేరు ఎలా ఉందో, వరుస సంఖ్య ఎంతో చూసి అలాగే దించాలి. ఆధార్‌లో ఒక రకంగా, ఓటరు జాబితాలో ఇంకో రకంగా ఇంటిపేరు ఉండేవాళ్లు మన దగ్గర ఎంతోమంది. పరిశీలన రోజు ప్రత్యర్థి పట్టుకునేది దాన్నే.

ఇంటి పన్ను సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. నోటీసు ఇచ్చి గడువు దాటినా పంచాయతీకి కట్టాల్సింది కట్టకపోతే అది అనర్హత అవుతుంది. రసీదు దగ్గర ఉంటే ఆ గొడవే ఉండదు. పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టు ఉన్నా, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నా పోటీకి వీల్లేదు. పౌర హక్కుల పరిరక్షణ చట్టం, 1955 కింద, అంటే అంటరానితనం పాటించిన కేసులో శిక్ష పడినా అర్హత పోతుంది. ఈ నిబంధన గురించి ఊళ్లలో ఎవరూ పెద్దగా మాట్లాడరు, మాట్లాడాలి.

నామినేషన్ తిరస్కరించినంత మాత్రాన అంతా అయిపోయినట్టు కాదు. కారణం రాసి ఇవ్వమని రిటర్నింగ్ అధికారిని అడగాలి. ఆ కాగితంతో మర్నాడే ఆర్డీవోకు అప్పీలు చేసుకోవాలి. మొన్నటి తొలి విడతలో నవంబర్ 30న పరిశీలన జరిగితే అప్పీలుకు దొరికింది ఒక్క రోజు. ఆ తర్వాత కోర్టుకు వెళ్దామన్నా రాజ్యాంగంలోని 243ఓ అధికరణం అడ్డం వస్తుంది. ఎన్నిక మొత్తం ముగిశాక పిటిషన్ వేసుకోవడమే మిగులుతుంది. అందుకే తప్పు పరిశీలనకు ముందే దొరకాలి. అంటే మొదటి రోజే నామినేషన్ వేయాలి.

డబ్బు విషయానికి వద్దాం. తెలంగాణలో సర్పంచ్‌కు డిపాజిట్ 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 1,000. వార్డు సభ్యులకు 500, 250. ఖర్చు పరిమితి 5,000 జనాభా దాటిన ఊళ్లలో సర్పంచ్‌కు రెండున్నర లక్షలు, చిన్న ఊళ్లలో లక్షన్నర. వార్డుకైతే 50,000, 30,000. నిజానికి జరిగే ఖర్చుకూ ఈ అంకెలకూ పొంతన లేదని అందరికీ తెలుసు. మందు, విందు, ఓటుకు నోటు. వీటికోసం పొలం అమ్మిన సర్పంచ్‌కు తెలంగాణలో గత పదవీకాలంలో వచ్చిన నెల గౌరవ వేతనం 6,500. గెలిచాక ప్రభుత్వం బిల్లులు ఆపితే, సొంత డబ్బు పెట్టి పనులు చేయించిన మాజీ సర్పంచులు ఏళ్ల తరబడి వాటి కోసం రోడ్డెక్కాల్సి వచ్చింది. ఈ లెక్క ముందే వేసుకుంటే అప్పు చేసి పోటీ చేయడం ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. అప్పు తెచ్చి గెలిచినవాళ్లకు ఆ అప్పు తీర్చే దారి పంచాయతీ నిధుల్లోనే కనిపిస్తుంది. ఊరికి జరిగే నష్టం అక్కడ మొదలవుతుంది.

ఖర్చుకన్నా పెద్ద పరీక్ష ఉపసంహరణ రోజు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మనిషి మీద కుల పెద్దలు, బంధువులు, అప్పిచ్చిన ఆసామి, పార్టీ నాయకుడు ఒకేసారి వచ్చి పడేది ఆ మధ్యాహ్నమే. 3 గంటల వరకు గడువు. ఊరు ఏకగ్రీవమైతే నజరానా వస్తుందన్న మాట ముందుకు తెస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఎన్నికలప్పుడు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రకటించారు. ఊరంతా మనస్ఫూర్తిగా ఒకరిని ఎన్నుకుంటే కాదనేదేముంది. కానీ గుడికి ఇన్ని లక్షలు ఇస్తానని పాట పాడి పదవి కొనుక్కోవడాన్ని ఏకగ్రీవం అనలేం. అది వేలం, నేరం. ఎన్నికల సంఘం ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా వేలాలు ఆగడం లేదు, ఎందుకంటే పోటీ నుంచి తప్పించిన మనిషి ఫిర్యాదు చేయడానికి భయపడతాడు. నిలబడాలనుకునేవాళ్లు తమ వాళ్లతో ముందే ఒక నిర్ణయానికి రావాలి. ఆ రోజు ఎవరి ఇంటికీ వెళ్లకూడదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. ఉపసంహరణ కాగితం ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీలుండదు.

గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరగవు. పార్టీ గుర్తులు ఎంపీటీసీ, జడ్పీటీసీలకే. సర్పంచ్ అభ్యర్థికి దక్కేది ఉంగరమో, కత్తెరో, బ్యాటో. తుది జాబితాలో పేర్లు తెలుగు అక్షర క్రమంలో ఉంటాయి, ఎన్నికల సంఘం ఇచ్చిన గుర్తులు ఆ వరుసలోనే పడతాయి. గుర్తు తెలిశాక ప్రచారానికి మిగిలేది వారమే. ఆ వారంలో కొత్త మనిషి గుర్తును ఇంటింటికీ చేర్చాలంటే పది మంది సొంత మనుషులు కావాలి. వాళ్లను డబ్బుతో తెచ్చుకోలేం. అంతకుముందు ఏళ్లలో పింఛన్ ఆగిన ముసలమ్మ వెంట ఎవరు వెళ్లారో, గ్రామసభలో మోరీ గురించి ఎవరు లేచి అడిగారో దాన్ని బట్టే ఆ మనుషులు వస్తారు.

కొత్తవాళ్లు వార్డు సభ్యత్వంతో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. సర్పంచ్ పదవి చుట్టూ జరిగే హడావిడిలో వార్డును ఎవరూ పట్టించుకోరు, కొన్నిచోట్ల నామినేషన్ వేసేవాళ్లే దొరకరు. కానీ ఉప సర్పంచ్‌ను ఎన్నుకునేది వార్డు సభ్యులే, వాళ్లలో నుంచే. తెలంగాణ 2018 చట్టం ప్రకారం చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకమూ ఉండాలి. రెండు మూడు వందల ఓట్ల వార్డులో ప్రతి ఇంటి గడప తొక్కడానికి లక్షలు అక్కర్లేదు.

ప్రభుత్వం వైపు నుంచి చేయాల్సింది పెద్ద సంస్కరణేమీ కాదు. రిజర్వేషన్ల జాబితా నోటిఫికేషన్‌కు కనీసం మూడు నెలల ముందు గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. తెలంగాణలో 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతుల్లో నడిచాయి. బీసీ రిజర్వేషన్ల మీద కోర్టు వివాదం ఉన్నమాట నిజమే, అయినా అంత కాలం ఆగిన ఎన్నికలో అభ్యర్థికి మూడు నెలలు ఇవ్వలేమని ఎవరూ అనలేరు. అప్పీలుకు ఒక్క రోజు బదులు మూడు రోజులు ఇవ్వాలి. నామినేషన్ ఫారం నింపడం ఎలాగో ప్రతి మండలంలో ముందుగా ఒక రోజు శిక్షణ పెట్టాలి, అది పొదుపు సంఘాల సమావేశాల్లోనే పెడితే ఇంకా మేలు.

ఫలితం వచ్చాక కూడా ఒక కాగితం మిగిలి ఉంటుంది. గెలిచినా ఓడినా 45 రోజుల్లోగా ఖర్చు లెక్కలు ఇవ్వాలి. ఓడిపోయినవాళ్లు నిరాశతో దీన్ని వదిలేస్తున్నారు. లెక్క ఇవ్వకపోతే మూడేళ్లు ఎక్కడా పోటీ చేయకుండా అనర్హత పడుతుంది, ఆ లోపు వచ్చే ఉప ఎన్నికా, ఎంపీటీసీ ఎన్నికా రెండూ చేజారతాయి. పాంప్లెట్ బిల్లు దగ్గర నుంచి ఆటో మైకు అద్దె దాకా ప్రతి చీటీ ఒక కవర్లో దాచి, మండల పరిషత్ కార్యాలయంలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి.