పిక్‌ల కంటే పెద్ద పొరపాటు షైని వదులుకోవడం

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2019లో పాల్ జార్జ్ కోసం క్లిప్పర్స్ జట్టు ఓక్లహోమా సిటీ థండర్‌కి అన్నేసి డ్రాఫ్ట్ పిక్‌లు (కొత్త ఆటగాళ్లని ఎంచుకునే వంతులు) ధారపోయడమే తప్పని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను. జార్జ్‌తో పాటే కవాయ్ లెనార్డ్ కూడా వచ్చాడు కదా! ఐదు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, రెండు స్వాప్‌లు (పిక్‌లు మార్చుకునే హక్కులు) ఇద్దరు స్టార్లకి కట్టిన ధర. అసలు దెబ్బ అదే డీల్‌లో షై గిల్జస్ అలెగ్జాండర్‌ని ఇచ్చేయడం. అప్పటికి ఒక్క సీజనే ఆడిన కుర్రాడు.

అలాగని పిక్‌లను తీసిపారేయలేం. వాటిలో ఒకటి 2022లో 12వ నంబర్‌గా పడితే ఓక్లహోమా జేలెన్ విలియమ్స్‌ని తీసుకుంది. 2025 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో అతను 40 పాయింట్లు కొట్టాడు! ఆ సీజన్‌లో షై ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), థండర్ చాంపియన్. క్లిప్పర్స్ 2021లో వెస్ట్ ఫైనల్స్ (లీగ్ సెమీస్ లాంటిది) దాకా వెళ్లింది, అంతే. 2024లో జార్జ్ ఫ్రీ ఏజెంట్‌గా (జట్టుతో ఒప్పందం లేని ఆటగాడిగా) ఫిలడెల్ఫియాకి వెళ్లిపోతే బదులుగా ఒక్క పిక్ కూడా రాలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.