తొమ్మిదిన్నర స్లాటు ముహూర్తం

మన పెళ్లిళ్లలో ఒక చిక్కుంది, దాని గురించి పెళ్లప్పుడు ఏ పంతులుగారూ చెప్పరు. పంచాంగంలో గట్టి ముహూర్తం పడిన రోజున ఊళ్లో ఫంక్షన్ హాళ్లన్నీ నిండిపోతాయి కదా, ఆ జనమంతా ఇక జన్మంతా అదే తేదీన పెళ్లిరోజు చేసుకోవాలి. మాది 2003 మాఘమాసం. ఆ రాత్రి మా వీధిలోనే మూడు పెళ్లిళ్లు, ఒకటే బ్యాండుమేళం మూడు పందిళ్లకీ పరిగెత్తింది. తిథి ప్రకారం చేసుకుంటే ఆ రద్దీ ఏ ఏటికా ఏడు ఎటో సర్దుకునేదేమో గానీ, మనం ఇంగ్లీషు తేదీ పట్టుకున్నాం.

ఇరవై మూడేళ్లు నిండాయి కదా అని ఈ ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లో ఒక రూఫ్‌టాప్ రెస్టారెంటుకి ఫోన్ చేశాను. "సెవెన్ థర్టీ స్లాట్ ఫుల్ సార్, నైన్ థర్టీ ఉంది. పది నిమిషాలు లేటైతే టేబుల్ వదిలేస్తాం" అన్నాడు. తెల్లవారుజామున మూడు గంటల పన్నెండు నిమిషాలకి జీలకర్ర-బెల్లం పెట్టకపోతే కొంపలు మునుగుతాయని పంతులుగారంటే ఆ రోజు ముసిముసిగా నవ్వుకున్నవాణ్ణి, ఇప్పుడు కొత్తపేట నుంచి క్యాబ్‌లో వాచీ చూసుకుంటూ, టెన్షన్‌తో చచ్చిపోతూ, తొమ్మిదీ ఇరవైఎనిమిదికి మెట్లెక్కాను. పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని మా ఆవిడ వెనకాలే.

క్యాండిల్‌లైట్ డిన్నర్ ప్యాకేజీ, 4,999 రూపాయలు. క్యాండిల్ బ్యాటరీది. "గాలికి ఆరదు సార్" అని కుర్రాడు గర్వంగా చెప్పాడు. ఆరదు సరే, వెలగడం కూడా అంతంత మాత్రమే. చుట్టూ చూస్తే ప్రతి టేబుల్ దగ్గరా ఒక మొగుడు సెల్‌ఫోన్ టార్చి వేసి మెనూ చదువుతున్నాడు. "కరెంటు పోయిందేమో అనుకున్నానండీ" అంది మా ఆవిడ.

మిరపకాయ బజ్జీలు రెండు బుల్లి ఉయ్యాలలో ఊగుతూ వచ్చాయి. వాటిని ఊయలలో చూశాక కొరకడానికి మనసొప్పలేదు. తర్వాత వచ్చింది డీకన్‌స్ట్రక్టెడ్ గుత్తి వంకాయ. పళ్లెం మాత్రం మా పెళ్లిలో కాళ్లు కడిగిన పళ్లెమంత ఉంది. అందులో ఒక మూల బోడిగా ఒక వంకాయ, దానికి జానెడు దూరంలో ఆవగింజలో అరభాగం అన్నట్టు మూడు మసాలా చుక్కలు, మధ్యలో ఒక పువ్వు. మా ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్లు వింటే నొచ్చుకుంటారని గొంతు తగ్గించి, "ఏవండీ, కూరడం మర్చిపోయినట్టున్నారు" అంది. ఇరవై మూడేళ్లుగా తొడిమ ఊడకుండా నాలుగు పక్షాలుగా చీల్చి, పొడి కూరి, నూనెలో ఒక్కోటీ పొర్లించి వండుతున్న మనిషి పాపం. కూరకపోతే దానికి ఎక్కువ రేటు వస్తుందని ఎవరూ చెప్పలేదు.

పదింటికి లైట్లు పూర్తిగా ఆర్పేశారు. స్పీకరు దద్దరిల్లింది. అయిదుగురు కుర్రాళ్లు చప్పట్లు కొడుతూ, చిచ్చుబుడ్డి గుచ్చిన అరకిలో కేకుతో మా మీదికి వచ్చారు. కేకు మీద "హ్యాపీ యానివర్సరీ సార్ అండ్ మేడమ్" అని రాసి ఉంది. పేర్లెందుకు లేవంటే, పక్క టేబుల్ కేకు మీదా అదే. ఆ పక్కదాని మీదా అదే. మొత్తం ఎనిమిది టేబుళ్లు, ఎనిమిది జంటలు సార్ అండ్ మేడమ్. పాట అయిపోగానే మేనేజరు ఫోన్ తీసి, "మేడమ్‌కి తినిపించండి సార్... ఇంకోసారి సార్, ఫోకస్ పోయింది" అన్నాడు. నాలుగోసారికి క్రీము మా ఆవిడ ముక్కుపుడకకి అంటింది. మరుక్షణం మేళం పక్క టేబుల్‌కి తరలింది. అక్కడ చప్పట్లు కొడుతుంటే మనం కొట్టకపోతే బాగోదు కదా, కొట్టాం. ఆ తర్వాతి టేబుల్‌కీ కొట్టాం. ఎనిమిదో కేకు కోసేసరికి మా బిర్యానీ చల్లబడి నెయ్యి పేరుకుంది, నా అరచేతులు మాత్రం వేడెక్కాయి. అయిదో టేబుల్ పెద్దమనిషి, నేను చీకట్లో ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జైల్లో ఖైదీలు అలా చూసుకుంటారనుకుంటా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. బిల్లొచ్చింది. ప్యాకేజీ 4,999. నీళ్ల సీసాలు రెండు, 240. ఆ రెండిటి మీదా సర్వీస్ చార్జి పది శాతం, 523 రూపాయల 90 పైసలు. ఆ సర్వీస్ చార్జిని కూడా కలిపి, దాని మీద అయిదు శాతం జీఎస్టీ.

కుర్రాణ్ణి పిలిచి అడిగాను, "బాబూ, ఈ సర్వీస్ చార్జి మీకే కదా?" వాడు ముందు మేనేజరు ఎక్కడున్నాడో చూశాడు. ఒడిశా కుర్రాడు, తెలుగు ఇక్కడే నేర్చుకున్నట్టున్నాడు. "నాకు తెలీదు సార్. మాకు జీతమే." పొద్దున పదకొండింటి నుంచి నిలబడే ఉన్నాడట.

పాడింది వాడు, ఎనిమిదిసార్లు. చప్పట్లు కొట్టింది వాడు, ఎంగిలి కంచాలు ఎత్తింది వాడు. మరి వాడి పేరు చెప్పి నా దగ్గర గుంజే 524 రూపాయలు ఎవడి జేబులోకి పోతున్నాయి? బిల్లులో ఈ చార్జి దానంతటదే వేయకూడదని వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీపీఏ 2022 జులై 4నే చెప్పింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కితే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ పిటిషన్లు కొట్టేసి తలా లక్ష ఖర్చులు కూడా కట్టమంది. అయినా వేస్తారు. ఎందుకు వేస్తారంటే, పెళ్లిరోజు నాడు, పట్టుచీర కట్టుకున్న భార్య పక్కన, అయిదొందల కోసం గొడవపడే మొగుడు ఉండడని వాళ్లకి తెలుసు. మన సిగ్గు మీద పది శాతం వసూలు చేస్తున్నారు, సిగ్గులేని వెధవలు.

నేను గొడవపడ్డాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాను. మేనేజరు చిరునవ్వు చెదరకుండా, "సిస్టమ్‌లో ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది సార్, అడిగితే తీసేస్తాం" అన్నాడు. అడిగితే తిరిగిచ్చేవాణ్ణి దొంగ అనకూడదు కాబోలు. కొత్త బిల్లు తెచ్చి, దాంతోపాటే గూగుల్‌లో అయిదు చుక్కలు ఇమ్మని ఒక క్యూఆర్ కోడ్ కూడా పెట్టాడు.

అయిదొందల నోటు కుర్రాడి చేతిలో పెట్టబోతే వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "పైన కెమెరా ఉంది సార్." నోటు మడిచి కేకు పెట్టె ఇచ్చినట్టు ఇచ్చి, మళ్లీ తీసుకున్నట్టు తీసుకుని, మా ఆవిడే ఎలాగో వాడికి చేర్చింది. ఆడవాళ్లకి చదివింపులు చేతులు మార్చడం కొత్తేం కాదు.

లిఫ్టులో మూడు జంటలం, మూడు ఒకేలాంటి కేకు పెట్టెలు. "మీరూ 2003 మాఘమాసమేనా అండీ?" అని అడిగాడు అయిదో టేబుల్ పెద్దమనిషి. అవునన్నాను. ముహూర్తాలు పోల్చుకున్నాం, పదకొండు నిమిషాలు తేడా. సర్వీస్ చార్జి తీయించానని కూడా చెప్పాను.

"తీసేస్తారా?" అన్నాడాయన.

వాళ్లావిడ ఆయన వంక చూసింది. కింది ఫ్లోరు వచ్చేదాకా లిఫ్టులో ఎవరూ మాట్లాడలేదు.